నొక్కిందెవరు?

బెంగళూరు చిక్కపేటలో లెక్కలు రాసే గుమాస్తా మౌసు కోసం చెయ్యి చాపితే కొత్తగా చేరాడని అర్థం. అకౌంటింగు ప్రోగ్రాం ట్యాలీలో చెల్లింపుకు ఎఫ్5, రాబడికి ఎఫ్6, జర్నల్‌కు ఎఫ్7, అమ్మకానికి ఎఫ్8, కొనుగోలుకు ఎఫ్9. వోచరు పూర్తయితే కంట్రోల్‌తో ఏ. మధ్యలో కొత్త లెడ్జరు కావాల్సొస్తే ఆల్ట్‌తో సి. 1986లో శ్యాంసుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా ప్యూట్రానిక్స్ పేరుతో మొదలుపెట్టిన ట్యాలీ సంస్థ ఇప్పుడు ట్యాలీ సొల్యూషన్స్‌గా బెంగళూరు నుంచే నడుస్తోంది. మౌసు ఇంకా వింతగా ఉన్న రోజుల్లో పుట్టిన ప్రోగ్రాం కాబట్టి దాని ప్రాణమంతా కీబోర్డులోనే ఉంది. చెయ్యి తిరిగిన గుమాస్తాలు తెర వైపు చూడకుండానే ఒక వోచరు ముగించి రెండోదానికి వెళ్లిపోతారు.

తెర చూడకుండా మనిషి నొక్కే వరసను, అసలు మనిషే లేకుండా ఒక ప్రోగ్రాం నొక్కలేదా? నొక్కగలదు. అలా నొక్కించవచ్చా అన్నదాని మీదే, చిక్కపేట మెట్రో స్టేషనుకు దగ్గర్లో చీరల హోల్‌సేల్ కొట్టు పైఅంతస్తులో, ఒక ఆదివారం మధ్యాహ్నం మేనమామకూ మేనకోడలికీ వాదం పడింది.

మామయ్యది హిందూపురం. వ్యాట్ రోజుల నుంచీ ఇక్కడ పన్నుల ప్రాక్టీసు. మేనకోడలు అవుటర్ రింగు రోడ్డు మీద ఒక కంపెనీలో కంప్యూటర్ల భద్రత చూస్తుంది. ఎవరు ఏ సందులోంచి చొరబడతారో ముందే కనిపెట్టడం ఆమె ఉద్యోగం కాబట్టి, ఆయన ఆఫీసులో నడుస్తున్న స్క్రిప్టును చూడగానే ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఆ స్క్రిప్టు చేసేది ఇంతే: ఎక్సెల్‌లో ఉన్న బ్యాంకు స్టేట్‌మెంటును వరస తర్వాత వరస చదువుతుంది, ఒక్కో వరసకు ట్యాలీలో ఒక వోచరుకు కావలసిన కీలన్నీ నొక్కుతుంది. నెలనెలా వేసే అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1కు గడువు పదకొండో తేదీ. పదో తేదీ రాత్రి ఆ ఆఫీసులో అందరికంటే ఎక్కువ టైపు చేసేది ఈ స్క్రిప్టే.

"ఎవరూ నొక్కని కీని నొక్కారని విండోస్‌కు చెబుతోంది ఇది. అబద్ధం కదా మామయ్యా?"

"లెక్క అబద్ధమా? బ్యాంకు కాగితంలో ఏముండాదో అదే ట్యాలీలోకి పోతాంది. మా పిల్లోళ్లు నిద్ర కళ్లతో కొట్టేటప్పుడు 5,400 కాస్తా 4,500 అవుతాది. ఇది అట్ల కొట్టదు."

అబద్ధం అన్న మాట కాస్త పెద్దదే గానీ, జరిగేది మాత్రం ఆమె చెప్పినట్టే. కీబోర్డు మీద కీ నొక్కితే ఒక స్కాన్ కోడ్ కంప్యూటరుకు చేరుతుంది. విండోస్ దాన్ని ఫలానా కీ అని గుర్తించి, ఆ క్షణంలో ఏ విండో ముందుంటే దానికి అందిస్తుంది. సెండ్‌ఇన్‌పుట్ అనే ఫంక్షను ఈ వరసలోకే పక్కనుంచి కొత్త కీలను చేరుస్తుంది. నొక్కడం ఒకటి, వదలడం ఒకటి, కీకి రెండు కబుర్లు. షిఫ్టును నొక్కించి వదిలించడం మరిచిపోతే అది నొక్కినట్టే ఉండిపోతుంది, ఆ తర్వాత ఏది కొట్టినా పెద్దక్షరాలే పడతాయి. ట్యాలీకి చేరే కబురులో ఇది వేలు పనా, స్క్రిప్టు పనా అన్న తేడా కనిపించదు.

"సరే, అబద్ధం సంగతి పక్కన పెడదాం. ఆ కీ ఎక్కడికి పోతోందో మీ స్క్రిప్టుకు తెలుసా?"

దీన్ని ఆమె మాటలతో కాకుండా చేసి చూపించింది. ట్యాలీని ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరిచి (అందులో నెలకు ఒకటి, రెండు, 31 తేదీలే పడతాయి, పరీక్షకు అవి చాలు) స్క్రిప్టును నడిపించింది. రెండు వోచర్లు చక్కగా పడ్డాయి. మూడోదాని మధ్యలో పక్కనున్న నోట్‌ప్యాడ్ మీద ఒక్క క్లిక్కు. స్క్రిప్టు ఆగలేదు. పార్టీ పేరు, అంకె, ఎంటర్, మళ్లీ పేరు, అంకె, ఎంటర్, అన్నీ నోట్‌ప్యాడ్‌లో బారుగా పడుతూ పోయాయి. ఆఖరి వరస అయ్యాక, అన్నీ ఎక్కించేశానని తెర మీద ఒక పెట్టె కూడా తెరిచింది.

"కీకి చిరునామా ఉండదు మామయ్యా. చిరునామా రాయని ఉత్తరం లాంటిది, గుమ్మంలో ఎవరుంటే వాళ్ల చేతికే పోతుంది. ఇక్కడ నోట్‌ప్యాడ్ ఉంది కాబట్టి సరిపోయింది. వాట్సాప్ ఉంటే? ఒక ఖాతాదారు అంకెలు ఇంకో ఖాతాదారు ఫోనుకు పోతాయి. కంప్యూటర్ను రీస్టార్ట్ చేయాలా అని అడిగే పెట్టె ఉంటే? మీ ఎంటరే దానికి సరే అంటుంది."

"మనిషి కూడా తెర చూడకుండానే కొడతాడు కదమ్మా."

"తేడా కొడితే మనిషి తలెత్తుతాడు. ఇది ఎత్తదు."

మామయ్యకు ఈ తిప్పలు తెలియనివేం కావు. ఎక్సెల్‌లోని సెండ్‌కీస్ అనే ఆదేశంతో మొదలుపెట్టినవాడాయన. దాంట్లో ఆల్ట్‌కు శాతం గుర్తు, కంట్రోల్‌కు టోపీ గుర్తు, షిఫ్టుకు కూడిక గుర్తు. పార్టీ పేరులో 'ఎస్+ఎస్ టెక్స్‌టైల్స్' అని ఉంటే ఆ కూడిక గుర్తు పేరులో పడకుండా షిఫ్టుగా మారిపోయేది. దాన్ని మీసాల బ్రాకెట్లలో పెట్టాలని తెలుసుకునేవరకూ ఆ పార్టీ లెడ్జరు దొరికేది కాదు. సెండ్‌కీస్ నడిచాక కొన్నిసార్లు నమ్‌లాక్ దానంతటదే ఆరిపోయేది. అంకెల కోసమే కీబోర్డు కుడిపక్కన చెయ్యి పెట్టుకుని కూర్చునే గుమాస్తాకు ఇంతకంటే చిరాకు ఉంటుందా! 2007లో విండోస్ విస్టా జనంలోకి వచ్చాక, పాత విజువల్ బేసిక్‌లో రాసిన సెండ్‌కీస్ ప్రోగ్రాములు 'పర్మిషన్ డినైడ్' అని మొరాయించాయి. ఆయన ఆటోహాట్‌కీకి మారారు. క్రిస్ మ్యాలెట్ అనే ఆయన 2003లో బయటపెట్టిన ఉచిత ప్రోగ్రాం అది; కీలు నొక్కించడానికే పుట్టిన చిన్న భాష. ఇప్పుడు నడుస్తున్నది దాంట్లోదే.

మేనకోడలు ఆ స్క్రిప్టును పైనుంచి కిందికి చదివింది. ఒకచోట ఆగింది. టైపు చేసే సమయం కలిసొస్తుందని పార్టీ పేరులో మొదటి నాలుగు అక్షరాలే పంపి ఎంటర్ కొట్టిస్తున్నారు. ట్యాలీ ఆ అక్షరాలకు సరిపోయే లెడ్జర్లను జాబితాగా చూపిస్తుంది, వెలిగి ఉన్నదాన్ని ఎంటర్ తీసుకుంటుంది.

"రేపు ఇవే నాలుగు అక్షరాలతో కొత్త పార్టీ చేరితే?"

దీనికి మామయ్య జవాబు చెప్పలేదు. పెన్ను తీసుకుని కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఈ ఒక్క పాయింటూ ఆమెకు దక్కినట్టే.

అదే ఊపులో ఆమె అసలు మాటకు వచ్చింది. ట్యాలీ బయటి ప్రోగ్రాములతో మాట్లాడడానికి ఎప్పటి నుంచో దారి ఇచ్చింది. మామూలుగా 9000 నంబరు పోర్టులో వింటూ ఉంటుంది. వోచరును ఎక్స్ఎంఎల్ రూపంలో రాసి పంపితే తీసుకుంటుంది, తప్పుంటే ఫలానా చోట తప్పని తిరిగి చెబుతుంది. 2023 డిసెంబరులో వచ్చిన ట్యాలీప్రైమ్ 4.0 నుంచి ఎక్సెల్ ఫైలునే నేరుగా ఎక్కించుకోవచ్చు. ఏ విండో ముందున్నా బాధ లేదు. "ఇంత రాచబాట ఉండగా వేళ్లను నటించడం ఎందుకు మామయ్యా? మీకు అలవాటైపోయింది, అంతే."

"ట్యాలీకి బాట ఉండాది. ఒప్పుకుంటా. కింద అంగడాయనకు ఏం బాట చూపిస్తావో చెప్పు."

కింది చీరల కొట్టులో బిల్లింగు ప్రోగ్రాం ఫాక్స్‌ప్రోలో రాసినది. రాసిన మనిషి ఊళ్లో లేడు. ఫాక్స్‌ప్రోకు ఇక కొత్త వెర్షన్ రాదని మైక్రోసాఫ్ట్ 2007లోనే చెప్పేసింది, 2015 జనవరితో మద్దతు కూడా ఆపేసింది. కొట్టు మాత్రం నడుస్తోంది. ఇంపోర్టు అనే మెనూ ఆ ప్రోగ్రాంలో లేదు. ఉన్నది ఒక తెర, దానికి ఒక కీబోర్డు. సూరత్ నుంచి సరుకు వస్తే వందల రకాల చీరల వివరాలు ఎక్సెల్‌లో వస్తాయి, వాటిని ఈ తెరలోకి ఎక్కించాలి.

"ఫాక్స్‌ప్రో దాచుకునేది డీబీఎఫ్ ఫైళ్లలోనే కదా. వాటిని నేరుగా తెరిచి రాయొచ్చు," అందామె.

"చదువు, ఎంత కావాలంటే అంత చదువు. రాస్తే మాత్రం చిక్కే. నువ్వు ఒక వరస చేరిస్తే ఇండెక్సు ఫైలు దాన్ని ఎరగదు. స్టాకు పెరగదు. సరఫరాదారు ఖాతాలో బాకీ పడదు. ఆ లెక్కలన్నీ తెరలో ఎఫ్10 కొట్టినప్పుడు ఆ ప్రోగ్రాం చేసుకునేవి. నా స్క్రిప్టు ఆ తెరలోంచే పోతాది కాబట్టి గుమాస్తాకు ఎన్ని తనిఖీలు ఉండాయో దీనికీ అన్నే ఉంటాయి. తప్పు తేదీ కొడితే మనిషిని ఎట్ల కూకలేస్తుందో దీన్నీ అట్లే కూకలేస్తుంది. నువ్వు చెప్పే బాటే దొడ్డిదారి, నాది వీధి గుమ్మం."

ఇది గట్టి మాట. భద్రతవాళ్లు సాధారణంగా కీలు నొక్కించడాన్ని దొంగదారి కింద జమ కడతారు. కానీ ప్రోగ్రాం రాసినవాడు పెట్టిన నియమాలన్నీ కాపలా కాసేది ఆ తెర దగ్గరే. తెరను తప్పించి లోపలి ఫైలులో చెయ్యి పెట్టడమే అసలు అతిక్రమణ అని వాదించవచ్చు, ఆయన వాదించారు కూడా. బెంగళూరులో పెద్ద ఆఫీసులున్న యూఐపాత్, ఆటోమేషన్ ఎనీవేర్ లాంటి సంస్థల వ్యాపారం నిలబడింది కూడా ఇలాంటి పాత తెరల పుణ్యమానే. బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో తలుపులు లేని ప్రోగ్రాములు ఇప్పటికీ బోలెడు. యూఐపాత్‌లో టైపు చేయించడానికి మూడు పద్ధతులు ఉండేవి: నిజం కీబోర్డు మాదిరి కీలు పంపడం, ఫలానా విండోకు మాత్రమే సందేశం పంపడం, కీల ఊసే లేకుండా ఆ గడిలో అక్షరాలు నేరుగా పెట్టేయడం.

"చూశారా, మూడోదానికి ఏ విండో ముందుందో అక్కర్లేదు. వాళ్లు కూడా వీలైనచోట దాన్నే వాడమంటారు."

"వీలైనచోట. మొదటిదాన్ని తీసేయలేదు కదా. ఎందుకు తీయలేదంటావు?"

రెండో పద్ధతిలో ఉన్న మెలిక మీద ఇద్దరికీ పేచీ లేదు. విండోకు 'కీ నొక్కారు' అని ఉత్త సందేశం పంపితే అక్షరం పడుతుంది గానీ, షిఫ్టు, కంట్రోల్ నొక్కి ఉన్నాయా అని ఆ ప్రోగ్రాం విడిగా ఆరా తీస్తే లేవనే జవాబు వస్తుంది. విండోస్ లోపలి సంగతులు రాసే రేమండ్ చెన్ 2005లోనే, సందేశాలతో కీబోర్డును అనుకరించలేరని తేల్చి చెప్పారు. నోట్‌ప్యాడ్‌లో పనిచేసిన స్క్రిప్టు అసలు ప్రోగ్రాంలో చతికిలబడితే కారణం ఇదే కావచ్చు.

కాఫీ వచ్చింది. మామయ్య కీబోర్డును తన వైపు తిప్పుకుని, తెలుగులో 'స్త్రీ' అని కొట్టారు. వేళ్లు నొక్కినవి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు: ఎస్, టి, ఆర్, పెద్ద ఐ.

"ఇప్పుడు చెప్పు. ఈ అక్షరం కీబోర్డు మీద యాడుండాది?"

కన్నడ, తెలుగు కంప్యూటరు మీదికి వచ్చిన కథే ఇది, అందులో బెంగళూరు వాటా పెద్దది. కె.పి.రావు రూపొందించిన కన్నడ కీల అమరికను కర్ణాటక ప్రభుత్వం ప్రమాణంగా తీసుకుంది. కన్నడ గణక పరిషత్తు నుడి అనే ప్రోగ్రాం తెచ్చింది. 1998లో శేషాద్రివాసు చంద్రశేఖరన్ తెచ్చిన బరహ కన్నడతో మొదలై తెలుగుతో సహా చాలా భాషలకు పాకింది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే మన అక్షరాలు పడే ఈ తరహా ప్రోగ్రాములు వాడిన ఉపాయం ఒకటుంది. మనిషి నొక్కిన కీని మధ్యలోనే పట్టుకుని మింగేస్తాయి, దాని బదులు వేరే కీలు పంపుతాయి. 'స్త్రీ'నే తీసుకుంటే, ఎస్ కొట్టగానే స, దాని వెనకే పొల్లు. టి కొడితే త, పొల్లు. ఆర్‌కు ర, పొల్లు. పెద్ద ఐ కొట్టగానే ఆ చివరి పొల్లును తుడిచేయడానికి ఒక బ్యాక్‌స్పేస్, ఆపైన దీర్ఘపు గుడి. మనిషి నొక్కినవి నాలుగు, ప్రోగ్రాం నొక్కినవి ఎనిమిది. అందులో ఒకటి, మనిషి కలలో కూడా నొక్కని బ్యాక్‌స్పేస్. యూనికోడ్ అక్షరాన్ని కీగా పంపడానికి విండోస్‌లో ఒక ప్రత్యేక గుర్తే ఉంది. కీబోర్డు మీద లేని అక్షరానికి కీ నంబరు ఉండదు కాబట్టి అలాంటివన్నీ ప్యాకెట్ అనే ఒకే నంబరు కింద పోతాయి.

"అంటే నువ్వు మీ అమ్మకు తెలుగులో రాసే జాబులో సగం నీవి కావు. నువ్వు నొక్కని కీలే."

"ఇప్పుడు ఆ అవసరం లేదు మామయ్యా. టెక్స్ట్ సర్వీసెస్ ఫ్రేమ్‌వర్క్ అని విండోస్‌లో భాషల కోసమే ఒక పద్ధతి ఉంది. కీలు నటించకుండా అక్షరాన్ని నేరుగా రాతలో పెడుతుంది."

"అది వచ్చేదాకా మనం రాయకుండా కూర్చోవాల్సిందా?"

ఆమె నవ్వేసింది గానీ తగ్గలేదు. భాషకు కావలసివచ్చిందని ఊరుకున్న సందులోంచే దొంగలు వస్తున్నారన్నది ఆమె వాదన, దానికి ఆమె దగ్గర కొండంత సాక్ష్యం ఉంది. హాక్5 అనే సంస్థ 2010లో రబ్బర్ డకీ అనే పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. చూడ్డానికి పెన్‌డ్రైవు, కంప్యూటరుకు మాత్రం తాను కీబోర్డునని చెప్పుకుంటుంది. గుచ్చగానే ముందే రాసి పెట్టిన కీలను మనిషి కంటికి అందని వేగంతో కొట్టేస్తుంది. కీబోర్డు అంటే మనిషి అన్న నమ్మకంతో కంప్యూటరు అడ్డు చెప్పదు. భద్రతను పరీక్షించేవాళ్ల కోసం చేసిన వస్తువది. ఊరూ పేరూ లేని మామూలు యూఎస్‌బీ పరికరాన్ని కూడా లోపలి ప్రోగ్రాం మార్చి ఇలా తయారు చేయొచ్చని కార్‌స్టెన్ నోల్, యాకోబ్ లెల్ 2014లో బ్లాక్ హ్యాట్ సదస్సులో చూపించారు. 2022 జనవరిలో అమెరికా ఎఫ్‌బీఐ ఒక హెచ్చరిక జారీ చేసింది: ఫిన్7 అనే నేర ముఠా అక్కడి కంపెనీలకు ఇలాంటి పరికరాలను కానుక పెట్టెల్లో పెట్టి పోస్టులో పంపుతోందని.

"వేలు లేకుండా కీ పడొచ్చని ఒప్పుకున్నాక, ఏ కీనీ నమ్మడానికి లేదు. అందుకే విస్టాతో ఒక నియమం వచ్చింది, తక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రాం ఎక్కువ అధికారంతో నడిచేదానికి కీలు పంపకూడదని. మీ ట్యాలీని అడ్మినిస్ట్రేటరుగా తెరిచి చూడండి. మీ స్క్రిప్టు అన్నీ పంపానంటుంది, ఒక్కటీ పడదు. ఎందుకు పడలేదో విండోస్ చెప్పను కూడా చెప్పదు. కంట్రోల్-ఆల్ట్-డిలీట్ అయితే ఏ మామూలు ప్రోగ్రామూ నటించలేదు. మనిషే నొక్కాలని దాన్ని అలా ఉంచారు."

"నా స్క్రిప్టు పంపిన కీకీ, నీ పెన్‌డ్రైవు పంపిన కీకీ విండోస్ లోపల ఏమన్నా తేడా ఉండాదా?"

ఆమె నిజాయితీగా చెప్పింది. ఉంది. సాఫ్ట్‌వేర్ చేర్చిన కీకి విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది, ఇది బయటినుంచి చేర్చినదని. మామూలు ప్రోగ్రాములకు ఆ గుర్తు చేరదు గానీ, కీబోర్డు మీద నిఘా పెట్టే హుక్‌కు కనిపిస్తుంది. పెన్‌డ్రైవు వేషం కీబోర్డుకు ఆ గుర్తు ఉండదు, ఎందుకంటే విండోస్ దృష్టిలో అది నిజమైన కీబోర్డే.

"అట్లయితే నా స్క్రిప్టు తాను స్క్రిప్టునని ఒప్పుకుంటాంది. ఒప్పుకోనిది ఆ పెన్‌డ్రైవు. దాని పాపం నా మెడకు చుట్టబాకు."

ఈసారి మార్కు మామయ్యది. ఆయన అక్కడితో ఆగలేదు. కోరమంగలలో 1999లో మొదలైన ఎనేబుల్ ఇండియా వికలాంగులకు కంప్యూటరు నేర్పి ఉద్యోగాల్లో నిలబెడుతున్న సంగతి ఎత్తారు. వేళ్లు ఆడనివాళ్లకు తెర మీది కీబోర్డు, మాటను రాతగా మార్చే ప్రోగ్రాం, ఒక్క మీటతో నడిచే పరికరం తప్ప దిక్కు లేదు. ఇవన్నీ ఎక్కడో ఒకచోట నొక్కని కీని నొక్కినట్టు చూపించాల్సినవే. స్టీఫెన్ హాకింగ్ చెంప కండరం కదలికతో కంప్యూటర్ను నడిపిన ఏక్యాట్ ప్రోగ్రామును ఇంటెల్ 2015లో అందరికీ ఉచితంగా విడుదల చేసింది.

"వాళ్లను ఎవరు కాదన్నారు? అలాంటి ప్రోగ్రాములకు విండోస్ వేరే అనుమతి పెట్టింది. డిజిటల్ సంతకం ఉండాలి, ప్రోగ్రామ్ ఫైల్స్ లాంటి కాపలా ఉన్న చోటే ఉండాలి. అప్పుడు అధికారం ఎక్కువున్న విండోకు కూడా కీలు పంపొచ్చు. మ్యాక్‌లోనూ అంతే, యాక్సెసిబిలిటీ అని మనిషి చేతులారా అనుమతి ఇవ్వాలి. లైనక్స్‌లో పాత ఎక్స్11లో ఎవరైనా ఎవరికైనా పంపగలిగేవారు, కొత్తగా వచ్చిన వేలాండ్ ఆ దారి మూసేసింది."

"సంతకానికి ఏటా డబ్బు కట్టాల. పెద్ద కంపెనీ నొక్కితే సేవ, చిక్కపేటోడు నొక్కితే మోసం. బాగుండాది."

ఈ మాటలో కొంత అన్యాయం ఉంది. వేలాండ్ వచ్చాక తెర మీది కీబోర్డులు రాసేవాళ్లు, ఆటోమేషన్ స్క్రిప్టులు రాసుకునేవాళ్లు కొత్త దారుల కోసం చాలా తంటాలు పడ్డారన్నది మాత్రం నిజం. తలుపు మూసేటప్పుడు వెనక ఎవరున్నారో చూసుకోకపోవడం భద్రతవాళ్లకు ఉన్న జబ్బే.

సంభాషణ కాసేపు రైళ్ల మీదికి మళ్లింది. బెంగళూరు తెలుగువాళ్లు ఇద్దరు కలిస్తే తత్కాల్ టికెట్ల ప్రస్తావన రాకుండా ఉండదు. ఏసీకి బుకింగు ఉదయం 10కి, స్లీపరుకు 11కి. కాకినాడ శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో పండగ ముందు బెర్తులు కన్నుమూసి తెరిచేలోగా మాయం. 2020 జనవరిలో రైల్వే రక్షక దళం ఏఎన్ఎంఎస్ అనే అక్రమ సాఫ్ట్‌వేర్ ముఠాను బయటపెట్టింది. క్యాప్చాలను, ఓటీపీలను కూడా దాటేసి టికెట్లు కొట్టేసేదని చెప్పింది. 2025 జూలై నుంచి తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి అయింది. "కీలు నొక్కించేవాళ్ల పుణ్యమే ఇది. ఇప్పుడు మీ పేరు మీ వేలే కొట్టిందని ఆధార్‌తో నిరూపించుకోవాలి," అని ఆమె. "క్యాప్చా దాటేయడం దొంగతనం. పేరూ వయసూ నింపడం టైపింగు. రెంటినీ ఒకే గాటన కట్టొద్దు," అని ఆయన. ఇద్దరూ అక్కడే వదిలేశారు.

ఆమె చెప్పిన అమెరికా బ్యాంకు వెల్స్ ఫార్గో ఉదంతం మాత్రం మామయ్యకు నిజంగా తమాషాగా అనిపించింది. పనిచేస్తున్నట్టు కనిపించడానికి కీబోర్డు కదలికలను అనుకరించారన్న ఆరోపణల మీద డజనుకు పైగా ఉద్యోగులను ఆ బ్యాంకు తొలగించిందని 2024 జూన్‌లో వార్త వచ్చింది.

"కీలు లెక్కబెట్టి జీతం ఇచ్చేవాడికి కీలే దొరుకుతాయి. వాళ్లు ఏం పని చేసినారో ఎవరూ అడగలేదా?"

"అడగాల్సిందే. అయినా మామయ్యా, కీ అంటే మనిషి ఉన్నాడన్న రుజువు అని వాళ్లు అనుకున్నారు. మీ లెక్కల్లో కూడా అంతేగా?"

అక్కడ ఆయన మొహం మారింది, ఎందుకంటే ఇప్పుడు ఆమె ఆయన సొంత ఇలాకాలోకి అడుగుపెట్టింది. 2023 ఏప్రిల్ 1 నుంచి దేశంలో కంపెనీలు వాడే అకౌంటింగు సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రెయిల్ ఉండి తీరాలి. ఎంట్రీ వేసినా, దిద్దినా తేదీతో సహా నమోదు కావాలి. దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. అది ఏడాది పొడవునా పనిచేసిందో లేదో ఆడిటరు తన రిపోర్టులో రాయాలి. ట్యాలీ ఇందుకోసం ఎడిట్ లాగ్ తెచ్చింది. ఎవరి యూజరు పేరుతో, ఎప్పుడు పడిందో అందులో ఉంటుంది. వేలు నొక్కిందా, స్క్రిప్టు నొక్కిందా అన్న గడి అందులో లేదు.

"ఆ నిబంధన కంపెనీలకు. నా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది ప్రొప్రైటర్లు."

"ప్రైవేట్ లిమిటెడ్లు లేవా?"

"ఉండాయి."

"స్క్రిప్టు ఎవరి లాగిన్‌లో నడుస్తోంది?"

కౌంటరు దగ్గర కూర్చుని డేటా ఎంట్రీ చేసే అమ్మాయి లాగిన్‌లో. ఆ అమ్మాయి సాయంత్రం ఆరున్నరకు మెట్రో ఎక్కేస్తుంది. లాగులో మాత్రం రాత్రి పదకొండుకు వందల వోచర్లు ఆ అమ్మాయి పేరుతోనే పడి ఉన్నాయి. రేపు ఏదైనా తేడా వచ్చి ఎవరైనా అడిగితే, తాను వేయని ఎంట్రీలకు జవాబు చెప్పాల్సింది ఆ అమ్మాయే.

మామయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఎదురు ప్రశ్న వేశారు. "నువ్వు చెప్పిన ఎక్స్ఎంఎల్ బాటలో పంపితే ఎవరి పేరు పడుతుంది?"

"అప్పుడు ట్యాలీ ఎవరి లాగిన్‌తో తెరిచి ఉంటే వాళ్ల పేరే."

"అంటే నీ రాచబాటలోనూ ఆ పిల్ల పేరే పడుతుంది. గొడవ కీలది కాదన్నమాట."

ఆమె ఒప్పుకోక తప్పలేదు. తాను మధ్యాహ్నం నుంచీ వాదించింది కీల మీద, తీరా చిక్కు తేలింది పేరు దగ్గర. అయినా ఊరుకోకుండా, ఎక్స్ఎంఎల్‌లో కనీసం ఏ వరస ఎక్కింది, ఏది ఆగింది అని జవాబు వస్తుంది కదా అంది. అది సరేనని ఆయనా తలూపారు.

సాయంత్రానికి స్క్రిప్టులో మార్పులు జరిగాయి. ఒక్కో వోచరుకు ముందు ఎదురుగా ఉన్నది ట్యాలీయేనా అని విండో పేరు చూసుకుంటుంది, కాకపోతే ఆగి గంట కొడుతుంది. నాలుగక్షరాల పొదుపు పోయి పార్టీ పేరు పూర్తిగా పడుతుంది. ట్యాలీలో స్క్రిప్టు కోసమే విడిగా ఒక యూజరును తయారు చేశారు, దానికి మనిషి పేరు పెట్టకూడదని మేనకోడలు పట్టుబట్టింది. ఒక్కో వోచరు నరేషన్‌లో ఎక్సెల్ ఫైలు పేరూ, వరస నంబరూ వేయించాలన్నది మామయ్య ఆలోచన. ప్రైవేట్ లిమిటెడ్ ఖాతాలను వచ్చే నెల నుంచి ఎక్సెల్ ఇంపోర్టుకు మారుస్తానని కూడా అన్నారు. మిగతావి మార్చనన్నారు.

కింది అంగడి ఫాక్స్‌ప్రో ప్రోగ్రాం దగ్గర కథ మళ్లీ మొదటికొచ్చింది. దాంట్లో యూజర్లే లేరు. కొట్టంతటికీ ఒకే పాస్‌వర్డు, అదీ గోడ మీద క్యాలెండరు అంచున రాసి ఉంది.

"రిమార్క్స్ గడి ఉందా దాంట్లో?"

"ఉండాది. ఇరవై అక్షరాలు పడతాయి."

"చాలు. స్క్రిప్టు అని ఒక గుర్తు, తేదీ, వరస నంబరు. పాస్‌వర్డు మాత్రం ఇవాళే మార్పించండి మామయ్యా."

"పాస్‌వర్డు మార్చే మెనూ యాడుండాదో రాసినోడికే తెలియాల," అంటూ ఆయన కింది అంగడాయనకు ఫోను కలిపారు.